నాన్న దాచుకున్న సైబర్‌పంక్ నవల

ప్రశ్న: నమస్తే అండి. నా వయసు 49. కూకట్‌పల్లిలో ఉంటాం. 1998లో ఖమ్మం జిల్లాలోని మా ఊరి నుంచి కంప్యూటర్ కోర్సు కోసం అమీర్‌పేట వచ్చాను. ఎస్.ఆర్.నగర్ హాస్టల్లో ఉండగా ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద విలియం గిబ్సన్ ‘న్యూరోమాన్సర్’ దొరికింది. అప్పటి నా ఇంగ్లీషుకి సగం అర్థం కాలేదు. అయినా మళ్లీ మళ్లీ చదివాను. నేను ఈ ఫీల్డులో నిలబడ్డానంటే ఆ పుస్తకం ఇచ్చిన ఊపు కూడా ఒక కారణం. మా అమ్మాయికి 19 ఏళ్లు. బీటెక్ సీఎస్ఈ, రెండో సంవత్సరం. తన పుట్టినరోజుకి అదే కాపీకి అట్ట వేసి ఇచ్చాను. ఓ అరవై పేజీలు చదివి పక్కన పెట్టేసింది. ఒకరోజు “అంతా పాత సామాన్ల కొట్టులా ఉంది నాన్నా” అంది. ఇంకోరోజు “ఇందులో కొత్తేముంది, ఇది మన గచ్చిబౌలే కదా” అంది. మనసు చివుక్కుమంది. పోనీ తనకి ఈ రకం కథలు నచ్చవా అంటే, ‘సైబర్‌పంక్ 2077’ గేమ్ తెల్లారేదాకా ఆడుతుంది. ఆ గేమ్ లోకంలోనే నడిచే ‘ఎడ్జ్‌రన్నర్స్’ యానిమేషన్ సిరీస్ చూసి ఏడ్చింది కూడా. మరి వీటన్నిటికీ మూలమైన పుస్తకం ఎందుకు పట్టలేదు? ఈ తరానికి చదివే ఓపిక పోయిందా? లేక ఈ సాహిత్యానికే కాలం చెల్లిందా? తనతో ఎలాగైనా ఆ నవల చదివించాలంటే ఏం చేయాలి?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

సమాధానం:

నమస్తే అండి. ముందుగా ఓపిక సంగతి. గిబ్సన్ ఇంగ్లీషు అరవై పేజీలు చదవడం చిన్న విషయం కాదు. ఆ భాషలోనే పుట్టి పెరిగినవాళ్లు కూడా మొదటి అధ్యాయంలో తడబడతారు. ఎవరు ఎవరో, ఏది యంత్రమో ఏది మందో ఆయన చెప్పడు, మనమే తేల్చుకోవాలి. మీ అమ్మాయి అక్కడిదాకా వెళ్లింది, పైగా రెండు అభిప్రాయాలతో తిరిగొచ్చింది. పాతగా ఉందట, మన గచ్చిబౌలిలా ఉందట. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవని మీకు అనిపించి ఉంటుంది. నాకు మాత్రం ఆ రెండు ముక్కల్లోనే మీ ప్రశ్నలకి జవాబు కనిపిస్తోంది. ఆమె సరిగ్గానే చదివింది. మీరు చదివినట్టు చదవలేదు, అంతే.

‘పాత సామాన్ల కొట్టు’ అన్న మాట చూద్దాం. టెక్నాలజీ ఆకాశాన్నంటినా కిందివాళ్ల బతుకులు మారని భవిష్యత్తుని చూపించే కథల్ని సైబర్‌పంక్ అంటారు. ఈ నవల 1984లో వచ్చింది. సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో, నెబ్యులా, ఫిలిప్ కె. డిక్ అవార్డులు మూడూ ఒకే నవలకి దక్కడం అదే మొదటిసారి. గిబ్సన్ దాన్ని రాసింది మామూలు టైప్‌రైటర్ మీద. అప్పటికి కంప్యూటర్లతో ఆయనకి పరిచయం అంతంత మాత్రమే. వాంకూవర్‌లో వీడియో గేమ్ సెంటర్లలో పిల్లలు తెర మీదికి వంగిపోయి ఆడుతుంటే చూశాడు. ఆ తెర వెనక ఇంకో చోటు ఉందని వాళ్లు నమ్ముతున్నట్టు ఆయనకి తోచింది. ‘సైబర్‌స్పేస్’ అలా పుట్టింది. ఆ మాటని 1982లోనే ఒక కథలో వాడాడు. కాబట్టి ఆ నవలలో ఉన్నది ఇంజనీరు లెక్కలు కట్టి చెప్పిన భవిష్యత్తు కాదండీ. ఆ పిల్లల కళ్లలో కనిపించిన ఆశ అది.

లెక్కలు చూస్తే ఇప్పటి పిల్లలకి నవ్వు రాక మానదు. మొదటి అధ్యాయంలోనే కథానాయకుడు కేస్, ఒకప్పటి హ్యాకర్, మూడు మెగాబైట్ల దొంగ మెమరీ అమ్ముకోవాలని తిరుగుతుంటాడు. ఇప్పటి ఫోన్‌తో తీసే ఒక్క ఫొటో అంత. ఇంకాస్త ముందుకెళితే, వరుసగా ఉన్న పబ్లిక్ ఫోన్ల పక్కగా అతను నడుస్తుంటే ఒకదాని తర్వాత ఒకటి మోగే ఘట్టం ఉంది. ఒక యంత్రం అతన్ని వెతుక్కుంటూ వస్తోందన్నమాట. 1998లో ఎస్టీడీ బూత్ ముందు లైన్లో నిలబడిన మీకు అది చదువుతుంటే ఒళ్లు జలదరించి ఉంటుంది. మీ అమ్మాయి అక్కడిదాకా వెళ్తే “వీడి జేబులో ఫోన్ లేదా?” అని అడుగుతుంది. ఆ నవలలో సెల్‌ఫోన్ లేదు. మెదడుకి వైరు తగిలించుకునే లోకాన్ని ఊహించిన మనిషికి జేబులో ఫోన్ తట్టలేదు.

ఇంతకన్నా చిత్రమైనది మొదటి వాక్యం. రేవు మీది ఆకాశాన్ని, ఏ ప్రసారమూ రాని చానెల్ పెట్టిన టీవీ రంగుతో పోలుస్తాడు. మన తరం వాళ్లకి అది వెంటనే కళ్లకి కడుతుంది. దూరదర్శన్ ప్రసారాలు అయిపోయాక తెర మీద బుసబుసమంటూ కదిలే ఆ బూడిదరంగు చుక్కలు. ఆకాశం అలా ఉందంటే గుండెలో ఏదో బరువు. మీ అమ్మాయి ఎరిగిన టీవీలో సిగ్నల్ పోతే వచ్చేది నున్నటి నీలం తెర. ఆమె ఊహలో ఆ రేవు మీద ఆకాశం నిర్మలంగా, ముచ్చటగా ఉండి ఉంటుంది. పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు, కానీ వాతావరణం మొత్తం మారిపోయింది. తరాల మధ్య ఒక పుస్తకానికి ఏం జరుగుతుందో చూపించడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు. వీలైతే ఈ ఒక్క వాక్యం గురించి మీరిద్దరూ మాట్లాడుకోండి. మీకు కనిపించిన ఆకాశం ఎలాంటిదో ఆమెకి చెప్పండి.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. నాకు ఎక్కువగా మాట్లాడాలనిపించేది దీని గురించే.

అమెరికాలో ఆ నవలని మొదట చదివినవాళ్లకి అది భయం పుట్టించిన పుస్తకం. జపాన్ కార్లు, జపాన్ టీవీలు తమ మార్కెట్‌ని ముంచెత్తుతున్న రోజులు. అందుకే కథ జపాన్‌లోని చిబా సిటీలో మొదలవుతుంది. దేశాల కన్నా పెద్దవైపోయిన కంపెనీలు, ఆకాశాన్నంటే వాళ్ల టవర్లు, కింద మురికి సందుల్లో బతుకీడ్చే మనుషులు. టవర్ అంటే శత్రువు. ఈ సాహిత్యం మొత్తానికీ పునాది అదే. కింద ఉన్నవాడు పైవాడి గోడకి కన్నం వేయడమే కథ.

అదే పుస్తకాన్ని మీరు ఎక్కడ చదివారు? ఎస్.ఆర్.నగర్ హాస్టల్లో, నలుగురు సర్దుకునే గదిలో. మైత్రీవనం చుట్టుపక్కల గోడ కనిపిస్తే చాలు కోర్సుల బ్యానర్లే. 2000 సంవత్సరం రాగానే ప్రపంచంలో కంప్యూటర్లన్నీ తేదీ తప్పుతాయని, వాటిని సరిచేయడానికి మనుషులు కావాలని ఊరంతా ఒకటే మాట. మీరొచ్చిన 1998లోనే, నవంబరులో, మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ని ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. చుట్టూ బండరాళ్లు, మధ్యలో ఆ గుండ్రటి భవనం. మీకు టవర్ అంటే శత్రువు ఎలా అవుతుంది? అందులో సీటు దొరికితే నాన్న అప్పు తీరుతుంది, చెల్లెలి పెళ్లి జరుగుతుంది. గిబ్సన్ హెచ్చరికగా రాసింది మీ చేతికి శుభలేఖలా అందింది.

ఇందులో చిన్నబుచ్చుకోవాల్సింది ఏమీ లేదు. మీరు ఆ నవలలో పట్టుకున్నది నిజంగా అందులో ఉంది. కేస్‌కి చదువులో ర్యాంకు లేదు, ఇంటిపేరుతో పని లేదు, వెనక పెద్దమనిషి లేడు. అయినా ఆ వైరు తగిలించుకున్నాక అతనంతటి వాడు లేడు. ఏ ఊరు, ఎవరబ్బాయివి, ఏ మీడియం అని ఆ వెలుతురు లోకంలో అడిగే నాథుడు లేడు. జిల్లా నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చి, ఇంటర్వ్యూలో నోరు పెగలక ఇబ్బంది పడ్డ కుర్రాళ్లకి అది ఎంత పెద్ద మాటో మీకు నేను చెప్పక్కర్లేదు. కేస్ తన శరీరాన్ని ఉత్త మాంసమని ఈసడించుకుంటాడు చూశారా, అది కూడా మీకు పరాయిగా అనిపించి ఉండదు. హాస్టల్ తిండి, నిద్రలేని రాత్రులు, యాస చూసి నవ్వే మనుషులు. వీటన్నిటినీ వదిలి తెరలోకి వెళ్లిపోతే బాగుండునని అనిపించని కుర్రాడు ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఉన్నాడా?

‘మేట్రిక్స్’ 1999లో వచ్చింది. సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యూబికల్లో ఇరుక్కున్న మనిషి దాన్నుంచి బయటపడే కథ. అది చూసొచ్చిన మన కుర్రాళ్లు మర్నాడు పొద్దున్నే రెజ్యూమె ప్రింట్లు పట్టుకుని ఆ క్యూబికల్ కోసం బయల్దేరారు. ఆ కుర్రాళ్లంటే నాకు గౌరవం. క్యూబికల్ కూడా దొరకనివాడికి, దాన్నుంచి పారిపోవడం ఎలా తెలుస్తుంది? ముందు లోపలికి వెళ్లాలి కదా. మన ఊరు ఆ కలని ఎంత సొంతం చేసుకుందంటే 2003లో సైబరాబాద్ పేరుతో ఏకంగా ఒక పోలీస్ కమిషనరేటే వచ్చింది. సైబర్‌పంక్ రచయితలు ఎవరూ ఇలాంటి పేరు పెట్టే ధైర్యం చేసి ఉండరు.

ఇక మీ అమ్మాయి. ‘బ్లేడ్ రన్నర్’ సినిమాలోనూ, జపాన్ వాళ్ల ‘అకీరా’లోనూ భవిష్యత్తు అంటే 2019. ఆ సంవత్సరం వచ్చేసరికి ఆమె హైస్కూల్లో ఉంది. ఆ ఏడాదే అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి మెట్రో మొదలైంది. మీరు బస్సులు మారి, ఎండలో నడిచి, సెక్యూరిటీ దగ్గర పేరు రాసి వెళ్లిన చోటికి ఆమె ఏసీలో కూర్చుని వెళ్లింది. ఆమెకి నెట్‌వర్క్ అంటే తపస్సు చేసి చేరుకునే లోకం కాదు. పుట్టినప్పటి నుంచీ దాన్లోనే ఉంది. అటెండెన్స్ యాప్‌లో, ఫీజు పోర్టల్‌లో, పరీక్ష ఆన్‌లైన్‌లో. పరీక్ష రాస్తున్నంతసేపూ వెబ్‌క్యామ్ తన కళ్లు ఎటు తిరుగుతున్నాయో చూస్తుంటుంది. ఒక్క ఓటీపీ రాకపోతే పని ఆగిపోతుంది. ఇలాంటి అమ్మాయికి ‘మనిషి వైరు గుండా యంత్రంలోకి వెళ్తాడు’ అంటే ఆశ్చర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

కాని అదే నవలలో మీ దృష్టి నిలవని చోటు ఒకటుంది. కేస్ కథ ఎక్కడ మొదలవుతుందో గుర్తు చేసుకోండి. పని ఇచ్చినవాళ్ల దగ్గరే దొంగతనం చేశాడు. వాళ్లు అతన్ని చంపలేదు. విషం ఎక్కించి, మళ్లీ నెట్‌వర్క్‌లోకి వెళ్లే వీలు లేకుండా నరాలు దెబ్బతీశారు. చేతిలో విద్య ఉంది, లోపలికి వెళ్లే దారి లేదు. ఇప్పుడు కొండాపూర్‌లో ఏ డెలివరీ కుర్రాడినైనా అడగండి, దేనికి భయపడతావని. ‘ఐడీ బ్లాక్ అవుతుందేమో’ అంటాడు. బండి ఉంటుంది, ఒంట్లో ఓపిక ఉంటుంది, పొద్దున లేచేసరికి యాప్ మాత్రం తెరుచుకోదు. ఎందుకో చెప్పే మనిషి ఉండడు. నవలలో తర్వాత ఒకాయన వచ్చి కేస్‌కి వైద్యం చేయించి పని అప్పజెబుతాడు. పని మధ్యలో వదిలేస్తే కరిగి మళ్లీ పాత గతి పట్టించే విషపు సంచులు అతని రక్తనాళాల్లో పెట్టిస్తాడు. మీరు దాన్ని థ్రిల్లర్ మలుపుగా చదివి ఉంటారు. క్యాంపస్ ప్లేస్‌మెంట్ల ముందు ఇన్నేళ్లు ఉద్యోగం మానకూడదని కంపెనీలు సీనియర్ల చేత రాయించుకునే బాండ్ల గొడవలు వింటున్న పిల్లకి అది వేరేగా వినిపిస్తుంది. ‘ఇది మన గచ్చిబౌలే కదా’ అన్న మాటలో విసుగు ఉన్నా, చదివి అర్థం చేసుకున్న మనిషి మాట అది.

‘ఎడ్జ్‌రన్నర్స్’ చూసి ఎందుకు ఏడ్చిందో కూడా తెలుసుకోండి. 2022లో వచ్చిన ఆ సిరీస్ పది ఎపిసోడ్లే. మొదటి ఎపిసోడ్‌లో డేవిడ్ అనే కుర్రాడు డబ్బున్న పిల్లలు చదివే ఒక కార్పొరేట్ అకాడమీలో ఉంటాడు. తల్లి ఒంటరిగా, అంబులెన్స్ డ్యూటీలు ఓవర్‌టైమ్ చేసి ఫీజు కడుతుంటుంది. చదువు మానేస్తానంటే ఒప్పుకోదు. నువ్వు ఆ కంపెనీ టవర్ పైఅంతస్తుకి చేరాలి, అదే ఆమె కోరిక. యాక్సిడెంట్ జరిగి రోడ్డు మీద పడి ఉన్నప్పుడు పెద్ద మెడికల్ కంపెనీ బండి వస్తుంది, వాళ్ల జాబితాలో ఈ తల్లీకొడుకుల పేర్లు లేవు, వదిలేసి వెళ్లిపోతుంది. ఇది పోలండ్ గేమ్ కంపెనీ, జపాన్ స్టూడియో కలిసి చేసిన కథ. కాని ఇంటర్‌లో రెండేళ్లు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో మగ్గి వచ్చిన ఏ తెలుగు పిల్లకైనా ఆ తల్లి తెలుసు. మీ అమ్మాయి ఏడ్చింది బొమ్మల కోసం కాదని నా నమ్మకం. మీరు ఎంత కష్టపడి చదివిస్తున్నారో తనకి తెలుసు. ఆ కష్టం చివరికి ఎక్కడికి చేరుస్తుందో తెలియని టెన్షన్ కూడా ఉంది. ఆ సిరీస్ మీరూ చూడండి. అయితే పక్కపక్కన కూర్చుని చూడొద్దు. హింస, పడకగది సన్నివేశాలు ఉన్నాయి, ఇద్దరికీ ఇబ్బంది. మీరు ఒక్కరే చూసి, ఆ తల్లి గురించి మాత్రం ఆమెతో మాట్లాడండి.

అలాగని మీ అమ్మాయి మాట అంతా నేను ఒప్పుకోను. రెండు విషయాల్లో ఆమెతో కూడా వాదించాలి.

ఒకటి, ఈ తరం సైబర్‌పంక్‌ని ప్రేమించే తీరు. ఊదారంగు, గులాబీరంగు లైట్లు, తడిసిన రోడ్డు. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జిని రాత్రిపూట ఫొటో తీసి ఆ రంగులు అద్దితే సైబర్‌పంక్ అయిపోయిందనుకుంటారు. ఆ లైట్ల కింద ఎవరు పడుకుంటున్నారన్న కోపం ఈ సాహిత్యానికి ప్రాణం. కోపం తీసేస్తే మిగిలేది వాల్‌పేపర్. ఈ ఫిర్యాదు కొత్తది కూడా కాదు. బ్రూస్ స్టెర్లింగ్ 1986లో ఈ రచయితల కథలతో ‘మిర్రర్‌షేడ్స్’ సంకలనం తెచ్చాడు. ఐదేళ్లు తిరిగేసరికి, 1991లోనే, అందులో కథ ఉన్న లూయిస్ షైనర్ ఇది ఉత్త ఫ్యాషన్‌గా మారిపోయిందని, తాను ఇక ఆ గుంపులో లేనని న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాశాడు. కాలం చెల్లిందా అని మీరు అడిగారు. మీరు ఆబిడ్స్‌లో ఆ పుస్తకం కొనేనాటికే దానికి తద్దినం పెట్టేసినవాళ్లు ఉన్నారు. అయినా అది మీ చేతికి వచ్చి మీ జీవితాన్ని ఓ దారిలో పెట్టింది కదా.

రెండోది, గచ్చిబౌలి అన్న మాట. అద్దాల మేడల్ని చూసి ఆమె ఆ మాట అంది. నన్నడిగితే ఈ ఊళ్లో సైబర్‌పంక్ రేషన్ కార్డులో ఉంది. ‘సమగ్ర వేదిక’ అనే సాఫ్ట్‌వేర్ గురించి ఆమెకి చెప్పండి, సీఎస్ఈ చదువుతోంది కాబట్టి ఇట్టే పట్టుకుంటుంది. రకరకాల ప్రభుత్వ శాఖల రికార్డులు ఒకచోట చేర్చి, పేర్లు, చిరునామాలు పోల్చి, ఫలానా కుటుంబం పథకానికి అర్హమా కాదా అని తేల్చే ఏర్పాటు అది. పేరు కలిసిన పాపానికి, కారు లేని ఇంటిని కారున్న ఇల్లుగా లెక్కగట్టి బియ్యం ఆపేసిన ఉదంతాలు పత్రికల్లో వచ్చాయి. తెలంగాణలో 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డుల్ని ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2021 లాక్‌డౌన్‌లో పాతబస్తీలో ఒక సామాజిక కార్యకర్తని పోలీసులు ఆపి, మాస్క్ తీయమని ఫొటో తీశారు. ఆ ఫొటో ఏం చేస్తారని ఆయన ముఖాల గుర్తింపు టెక్నాలజీ మీద హైకోర్టుకి వెళ్లారు. గిబ్సన్ తరం రచయితలు పొరబడింది ఇక్కడే అనిపిస్తుంది. ప్రభుత్వాలు నీరసించి కంపెనీలే రాజ్యమేలతాయని అనుకున్నారు. ఆ కంప్యూటర్లు ప్రభుత్వాల చేతికే వస్తే, మీసేవ కౌంటర్ ముందు నిలబడిన పెద్దావిడ గతి ఏమిటన్నది వాళ్లు రాయలేదు. అది రాయాల్సింది ఇక్కడివాళ్లే. మీ అమ్మాయే ఎందుకు రాయకూడదు?

సందుల్లో మనుషులు తమ అవసరాన్ని బట్టి యంత్రాల్ని తమదారికి తెచ్చుకుంటారని గిబ్సన్ పట్టుకున్నాడే, అది మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. చూడాలంటే ఆమెని ఓ మధ్యాహ్నం ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌కి తీసుకెళ్లండి. చిన్న బల్ల, ఒక మైక్రోస్కోపు, హాట్ ఎయిర్ గన్. చచ్చిపోయిన ఫోన్ బోర్డు మీద ఫ్లక్స్ రాసి, వేడిగాలి కొట్టి, వేలిగోరు కన్నా చిన్న ఐసీని, అంటే చిప్‌ని, పట్టకారుతో లేపుతాడు. కింద ఉన్న టంకం గుండ్లు తుడిచి, జల్లెడలాంటి రేకు పెట్టి కొత్తవి పోసి, మళ్లీ అతికిస్తాడు. రీబాల్ చేయడం అంటారు. కంపెనీ సర్వీస్ సెంటర్ బోర్డు మొత్తం మార్చాలని చెప్పి పంపిన ఫోన్ అది. ఇంజనీరింగ్ డిగ్రీ ఉందా అని ఆ బల్ల దగ్గర ఎవరూ అడగరు. మీరు అమీర్‌పేటలో ఆ నవల పట్టుకుని కలగన్న మనిషి ఎవరంటే, నా లెక్కలో అతనే.

చదివించడం ఎలా అన్నారు. ‘న్యూరోమాన్సర్’ని కొన్నాళ్లు అడగకండి. గిబ్సన్ కథల పుస్తకం ‘బర్నింగ్ క్రోమ్’లో ‘ద గెర్న్స్‌బ్యాక్ కంటిన్యుయమ్’ అని చిన్న కథ ఉంది. గంటలో అయిపోతుంది. ఒక ఫొటోగ్రాఫర్, 1930ల అమెరికా వాళ్లు ఊహించుకున్న భవిష్యత్తు తాలూకు పాత భవనాల్ని ఫొటోలు తీస్తుంటాడు. క్రమంగా, ఎన్నడూ రాని ఆ భవిష్యత్తే అతని కళ్ల ముందు తిరగడం మొదలవుతుంది. పెద్దవాళ్ల కల పిల్లల్ని వెంటాడటం గురించి అంత చక్కటి కథ నేను చదవలేదు. అది చదివాక ఇద్దరూ ఓసారి సైబర్ టవర్స్ ముందు ఆగి చూడండి. ఒకప్పుడు హైదరాబాద్ అంటే చార్మినార్ పక్కన ఆ గుండ్రటి బిల్డింగ్ బొమ్మ వేసేవాళ్లం. ఇప్పుడు చుట్టూ లేచిన మేడల మధ్య పొట్టిగా, కాస్త పాతబడి ఉంది. దాన్ని చూసి మీకేం అనిపిస్తుందో, ఆమెకేం అనిపిస్తుందో పోల్చుకోండి.

ఆ తర్వాత నీల్ స్టీఫెన్సన్ ‘స్నో క్రాష్’ ఇవ్వండి. 1992 నాటిది. హీరో పిజ్జా డెలివరీ చేస్తాడు. ముప్పై నిమిషాల్లో చేర్చకపోతే ప్రాణం మీదికి వచ్చే ఉద్యోగం. సామాన్లు దాచుకునే గోడౌన్ గదిలో కాపురం, కళ్లద్దాలు పెట్టుకుంటే మెటావర్స్ అనే కంప్యూటర్ లోకంలో మొనగాడు. మెటావర్స్ అన్న మాట పుట్టింది ఆ నవలలోనే. అప్పట్లో ఆ పిజ్జా ఘట్టాన్ని నవ్వుకుంటూ చదివారు. ఇవాళ మీ అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గర రోజూ కనిపించేది అదే. ఆడవాళ్ల రచన కావాలంటే ప్యాట్ కాడిగన్ ‘సినర్స్’ ఉంది, 1991. శరీరాన్ని మాంసమని తీసిపారేసే మగ హీరోలతో విసిగిపోయినవాళ్లకి ఆమె దగ్గర ఊపిరాడుతుంది.

మీరిద్దరూ ‘కల్కి 2898 ఏడీ’ చూసే ఉంటారు. కింద కరువుతో ఎండిపోయిన కాశీ, పైన నీళ్లూ పచ్చదనమూ ఉన్న కాంప్లెక్స్. హీరో భైరవకి మొదట్లో ఉన్న కోరిక ఒక్కటే. పది లక్షల యూనిట్లు సంపాదించి ఆ కాంప్లెక్స్‌లోకి వెళ్లిపోవాలి. గిబ్సన్ హీరో టవర్‌కి కన్నం వేయాలనుకుంటాడు. మన హీరో గేటు తెరిపించుకుని లోపలికి పోవాలనుకుంటాడు. 1998లో మీరు పడ్డ తపనే 2024 సినిమాలో వెండితెర మీద కనిపించింది. దీని మీద మీ అమ్మాయి ఏమంటుందో అడగండి. తను చెబుతున్నప్పుడు ‘మా రోజుల్లో’ అని మధ్యలో అందుకోకండి. పూర్తిగా చెప్పాక, అప్పుడు హాస్టల్ గది సంగతి, నోరు పెగలని ఇంటర్వ్యూ సంగతి, ఆ పుస్తకం మీకు ఏం ఇచ్చిందో ఆ సంగతి చెప్పండి. ఉత్తరంలో నాకు ఒక్క వాక్యంలో రాశారు, ఆమెకి మాత్రం వివరంగా చెప్పాలి. నా అనుమానం, ఆమెకి మీరు అట్ట వేసిన పుస్తకం ఇచ్చారు గాని ఆ కథ ఇంకా చెప్పలేదు.

‘స్నో క్రాష్’ కూడా మధ్యలో ఆపేస్తే కంగారు పడకండి. ఏ పేజీ దగ్గర ఆపిందో, ఎందుకు ఆపిందో తననే నాకు రాయమనండి.